మోగని మంద

అక్టోబర్ 3

నా చేతిరాత బాగుండదు. గీత మీద నిలబడదు, మేకల్లా పైకి పాకుతుంది. తప్పులు కూడా ఉంటాయి. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళు, అదీ మా మంద ఈ ఊరి దగ్గర మేసే నెలల్లోనే. క్షమించాలి. ఎవరు క్షమించాలో తెలియదు. ఈ పుస్తకం ఎవరికీ చూపించను.

పుస్తకం ఇచ్చింది జనరల్ స్కర్లాటోస్ గారి కూతురు ఇస్మినీ. ఏథెన్స్ నుంచి కారులో వచ్చింది. యాభై దాటిన మనిషి. తండ్రి కనుబొమలే.

"కిట్సో బాబాయ్, నాన్నతో ఆ కొండల్లో తిరిగినవాళ్ళలో మీరొక్కరే మిగిలారు. గుర్తున్నదంతా ఇందులో రాయండి" అంది.

గుర్తున్నది తక్కువ అన్నాను.

ఈ నెల ఇరవై ఎనిమిదికి ఇటలీతో యుద్ధం మొదలై యాభై ఏళ్ళు. ఆ రోజు మా చౌకులో జనరల్ గారి కంచు విగ్రహం పెడతారట. దాని మీది గుడ్డ నేను లాగాలట.

చలి మొదలైంది. మేకలు పాలు తగ్గించాయి.

అక్టోబర్ 5

పొలిక్సెని ఇంట్లో కట్టెలు పడేశాను. ప్రతి ఏడూ వేస్తాను. ఆమె వద్దంటుంది, నేను వేస్తాను, ఆమె కాఫీ పెడుతుంది. బడిలో ఇద్దరిదీ ఒకటే బల్ల. ఇప్పుడు ఆమెకు అరవై ఎనిమిది, నాకో ఏడాది ఎక్కువ. రెండిళ్ళ మధ్య రాళ్ళ గోడ ఒకటే అడ్డం. పెళ్ళి ఆమె చేసుకోలేదు. నేనూ చేసుకోలేదు.

ఈరోజు కాఫీ పెట్టలేదు.

"గుడ్డ లాగేది నువ్వేనటగా?" అంది.

"అడిగారు."

"అడిగితే లాగేస్తావా? నీ చెయ్యి నీది కాదా? నా తమ్ముణ్ణి, ఇంకో పదిమందినీ ఏటి ఒడ్డున ఎరగా కట్టేసిన మనిషయ్యా వాడు! తోడేలుకి మేకపిల్లని కట్టినట్టు కట్టాడు. నాసోస్‌కి గడ్డం కూడా సరిగా రాలేదు."

"ఇంకా సరే అనలేదు."

"కాదని కూడా అనలేదుగా. నువ్వెప్పుడన్నావు గనక, సరే అనైనా, కాదనైనా!"

కట్టెలు గోడవారగా పేర్చి వచ్చేశాను.

అక్టోబర్ 9

కాఫీ కొట్టుకు వెళ్ళకుండా ఉండాల్సింది. మెనెలావోస్ కొట్టు యజమానీ, ఊరి పెద్దా ఆయనే. విగ్రహం ఆయన పట్టుదలే.

నేను లోపలికి రాగానే అరిచాడు. "వచ్చాడండీ మూగ మంద కిట్సోస్! ఏమయ్యా, ఆ రోజైనా నీ మేకలకి గంటలు కడతావా? జనరల్ గారికి స్వాగతం!"

అందరూ నవ్వారు. ఇది పాత హాస్యం. నా మందకు గంటలుండవు. యాభై ఏళ్ళుగా లేవు. అన్న గాకిస్ పోయిన దుఃఖం ఇంకా మోస్తున్నాడని ఊళ్ళో అనుకుంటారు. మా గొర్రెలకాపరుల్లో ఇంట్లో మనిషి పోతే మంద మెడల్లో గంటలు తీసేస్తాం. ఒక ఏడు, మహా అయితే రెండేళ్ళు. యాభై ఏళ్ళు ఎవరూ తీయరు. ఆ మాట ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇస్మినీ అక్కడే కూర్చుని ఉంది. అందరికీ చెబుతోంది. జనరల్ గారు చేసిన కనుమ దాడి గురించి సైన్యాధికారుల బడిలో ఇప్పటికీ పాఠం చెబుతారట. నల్లబల్ల మీద బొమ్మ గీస్తారట. ఒక పక్క ఏరు, ఏటి ఒడ్డున పదకొండు చుక్కలు. ఇంకో పక్క లోయ, లోయలో చప్పుడు లేకుండా వెళ్ళే మంద, మంద వెనక పటాలం. శత్రువు చుక్కల వైపు చూస్తాడు, పటాలం వెనకనుంచి పైకొస్తుంది.

"తర్వాత జరిగిన యుద్ధాల్లో ఎంతోమంది అధికారులు అదే పద్ధతి పాటించారు" అంది. మెచ్చుకోలుగానే అంది.

నేను కాఫీ సగంలో వదిలి లేచాను.

అంటే ఇంకా ఎన్ని ఏర్ల ఒడ్డున ఎన్ని చుక్కలు.

అక్టోబర్ 10

నాకెవరూ చెప్పలేదు.

అక్టోబర్ 14

రాయమంది కాబట్టి రాస్తున్నాను. జరిగింది ఇంతే.

యుద్ధం మొదలైన రోజులు. మామూలుగా దిమిత్రి పునీతుడి పండుగకల్లా మందలు మైదానాలకు దిగిపోవాలి. మేం ఆలస్యమయ్యాం. దారిలో ఉండగానే ఇటలీ విమానం బాంబులు వేసింది. గాకిస్ పోయాడు. అక్కడే కొండ వాలులో పూడ్చాం. అమ్మ తన నల్ల తలగుడ్డ చింపి, ముందు నడిచే పొట్టేలు మెడకు కట్టింది. గంటలన్నీ నేనే తీశాను. ముప్పై ఏడు.

మూడో రోజు సైన్యం వచ్చింది. స్కర్లాటోస్ గారు అప్పుడు కల్నల్. మ్యాపు ఎవరో పట్టుకుని ఉంటే ఆయన కొండనే చూస్తున్నారు. నన్ను పిలిచి అడిగారు. "ఈ లోయలోంచి పొద్దున్నే మంద తోలితే కనుమ పైన కాపలా ఉన్న ఇటలీవాళ్ళు పట్టించుకుంటారా?"

"పట్టించుకోరు దొరా. వారం నుంచి మందలు అలాగే పోతున్నాయి" అన్నాను.

"అయితే రేపు నీ మంద ముందు నడుస్తుంది. వెనక నేను నడుస్తాను."

నవంబర్ తొమ్మిది. పొద్దు పొడవకముందే బయలుదేరాం. మంద, దాని వెనక, నోరెత్తకూడదన్న ఆజ్ఞతో, గొంగళ్ళు కప్పుకున్న నాలుగు వందలమంది. అటు ఏటి ఒడ్డున మా ఊరి కుర్రాళ్ళు పదకొండుమంది, ఈత వచ్చినవాళ్ళని ఏరి మరీ ఉంచారు. లోయలో మంద గంటలు వినగానే, చీకటి ఉండగానే, ఏరు దాటి అవతలి రాళ్ళ చాటుకు చేరి, అక్కడినుంచి మాకు తోడుగా కాల్చాలి. వాళ్ళకిచ్చిన గుర్తు అదే.

గంటలు మోగలేదు.

వాళ్ళు వినడానికి ఎదురు చూశారు. తెల్లారింది. నీళ్ళ పక్కన ఖాళీ ఇసుక మీద వాళ్ళు పైవాళ్ళకి కనబడ్డారు. తుపాకులన్నీ అటు తిరిగాయి. మేం వెనకనుంచి పైకి వెళ్ళాం. కనుమ మాదైంది. నాసోస్ ఆ పదకొండుమందిలో ఉన్నాడు.

గంటలు గుర్తు అని నాకెవరూ చెప్పలేదు. ఇల్లు దుఃఖంలో ఉంటే మంద మోగదని కల్నల్ గారికెవరూ చెప్పలేదు. పట్నం మనిషి. మందంటే గంటలు ఉంటాయనుకున్నారు.

ఇంతే జరిగింది.

అక్టోబర్ 15

నిన్న ఒకటి రాయలేదు.

ఆ మధ్యాహ్నం కల్నల్ గారు నన్ను పక్కకు పిలిచారు. చేతులకి ఇంకా మట్టి. పదకొండుమందినీ ఏటి నుంచి మోయించి అప్పుడే వచ్చారు.

"గంటలు ఎవరు తీశారు?"

"నేనే దొరా. మా అన్న పోయాడు."

పొట్టేలు మెడలో నల్లగుడ్డ చూశారు.

"నువ్వు కాదు" అన్నారు. "తీయమని చెప్పింది నేను. వాళ్ళని అక్కడ ఉంచిందీ నేనే, అలాగే ఉంచాలని ఉంచాను. అర్థమైందా? ఈ రోజు నుంచి నీకు ఏమీ తెలియదు."

"అర్థమైంది దొరా."

నన్ను కాల్చేయకుండా కాపాడారో, తన పేరు కాపాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. పందొమ్మిదేళ్ళు నాకు. బతికితే చాలనిపించింది.

అక్టోబర్ 17

పొలిక్సెని గోడ మీదనుంచి పలకరించింది. కోపం కొంచెం తగ్గింది. టమాటాలు ఇచ్చింది.

యుద్ధమయ్యాక పదేళ్ళకు జనరల్ గారు ఒకసారి ఈ ఊరికి వచ్చారు. అప్పటికి సరిహద్దు మాట్లాడే పని మీద దేశాలు తిరుగుతున్నారు. చౌకులో కారు దిగారు. ఊరు ఊరంతా వీపు తిప్పి నిలబడింది. పొలిక్సెని మాత్రం ఎదురెళ్ళింది. ఆయన బూట్ల మీద ఉమ్మింది.

ఆయన తుడుచుకోలేదు. జనం మీదుగా చూస్తూ నా దగ్గర ఆగారు. నేను టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాను. నేను నోరు విప్పుతానేమోనని చూశారో, విప్పొద్దని కళ్ళతో చెప్పారో. తర్వాత చర్చికి వెళ్ళి పదకొండు కొవ్వొత్తులు వెలిగించి, అదే బూట్లతో కారెక్కి వెళ్ళిపోయారు.

"చూశావా, సిగ్గు కూడా లేదు" అంది పొలిక్సెని ఆ రోజు. నేను టోపీ పెట్టుకున్నాను.

అక్టోబర్ 20

ఇస్మినీ మా ఇంటికి వచ్చింది. చీజూ రొట్టే పెట్టాను. బాగా తింది. తండ్రిలా కాదు, తొందరగా నవ్వుతుంది.

"బాబాయ్, మీ ఊరు ఇవాళ ఈ దేశంలో ఎందుకుందో తెలుసా?" అని అడిగింది.

"మేమెక్కడికీ పోలేదమ్మా."

నవ్వింది. తర్వాత చెప్పింది. యుద్ధం తర్వాత సరిహద్దు గీసే సభలో మా ఊరూ, ఇంకో రెండు ఊళ్ళూ అవతలికి పోయేవేనట. మనవాళ్ళు వదులుకోవడానికి సిద్ధపడ్డారట. అప్పుడు అవతలి పక్షం పెద్దమనిషి మా జనరల్ గారిని బల్లకు అవతలినుంచి అడిగాడట. ఏటి దగ్గర పదకొండుమందిని వదిలేసింది మీరేనా అని.

"నాన్న అవునన్నారు. అంతే. సొంత మనుషుల్నే వదులుకున్న మనిషి, ఈ ఊరికోసం ఎంతదూరమైనా వెళ్తాడని వాళ్ళకి భయం పట్టుకుంది. నాలుగు రోజుల్లో ఒప్పుకున్నారు. ఆ తర్వాత నాన్నని ఎక్కడ కష్టమైన బేరముంటే అక్కడికి పంపేవారు. ఆ పేరే పనిచేసేది. ఇంట్లో మాత్రం ఆయన..." అని ఆగింది.

సంచిలోంచి చిన్న డైరీలు తీసింది. తండ్రివి. ఏడాదికొకటి. అన్నిట్లో నవంబర్ తొమ్మిది పేజీ తెరిచి చూపించింది. ప్రతి ఏడూ ఆ పేజీలో ఒక్క మాటే ఉంది.

గంటలు.

"నలభై ఏళ్ళు ఇదే రాశారు బాబాయ్. అమ్మ అడిగితే చెప్పలేదు. పోయే ముందు నేనడిగితే, కిట్సోస్‌కి తెలుసు అన్నారు. ఏ గంటలు ఇవి?"

"చర్చి గంటలై ఉంటాయి" అన్నాను.

ఇంకా ఒక రొట్టె ముక్క పెట్టాను. వద్దంది.

అక్టోబర్ 21

నాకెవరూ చెప్పలేదు.

అక్టోబర్ 26

దిమిత్రి పునీతుడి పండుగ. మందలు మైదానానికి దిగే రోజు. ఇప్పుడు లారీల్లో పోతున్నాయి. గంటలు మాత్రం తీయరు. రోడ్డు మలుపులో లారీ ఊగినప్పుడల్లా మూడొందల గంటలు ఒకేసారి.

తలుపు వేసుకున్నాను.

అక్టోబర్ 28

వెళ్ళాను. గుడ్డ లాగలేదు.

అక్టోబర్ 29

నిన్న రాయబుద్ధి కాలేదు.

బడిపిల్లలు జెండాలు పట్టుకుని వచ్చారు. మెనెలావోస్ ఉపన్యాసం ఇచ్చాడు. "మహా సేనాని" అన్నాడు, "పదకొండు పువ్వుల్ని దేశానికి అర్పించిన తండ్రి" అన్నాడు. పొలిక్సెని మొదటి వరసలో నల్ల బట్టల్లో నిలబడి ఉంది. విగ్రహం మీద గుమ్మరించడానికి పేడనీళ్ళ బకెట్టు తెస్తానని బెదిరించింది గానీ తేలేదు.

తాడు నా చేతికిచ్చారు. ఎర్ర తాడు, చివర కుచ్చు.

"లాగవయ్యా కిట్సో!" అంది పొలిక్సెని. అరవలేదు, మామూలుగానే అంది. అందరికీ వినిపించింది. "నీ చేత్తోనే లాగు. నేను చూస్తాను."

ఇస్మినీ తల వంచుకుంది.

తాడు కింద పెట్టాను. మెల్లగా, తెగుతుందేమో అన్నట్టు. ఆ గుడ్డ కింద ఉన్న మనిషిది కాదు తప్పు, అదే చెప్పాలనుకున్నాను. మైకు దగ్గరే ఉంది. జనం మధ్యలోంచి ఇంటికి నడిచాను. వెనక చప్పట్లు వినిపించాయి. ఇస్మినీ లాగి ఉంటుంది.

ఈ పొద్దున్నే పొలిక్సెని వచ్చింది. చేతుల్లో పెద్ద పళ్ళెం. ఆకుకూర, చీజు పొరలు వేసి కాల్చిన రొట్టె. యాభై ఏళ్ళలో ఆమె నా గడప దాటి లోపలికి రావడం ఇదే మొదలు.

"కూర్చోమనవా?"

"కూర్చో."

"ఇన్నాళ్ళూ నిన్ను మొద్దు అనుకున్నానయ్యా. మంచివాడివే గానీ మొద్దువి అని. నిన్న తాడు వదిలేసి వెళ్తుంటే నీ వీపు చూశాను. ఈ ఊళ్ళో నా నాసోస్ కోసం నిలబడ్డ మగాడు నువ్వొక్కడివే." కళ్ళు తుడుచుకుంది, తర్వాత నన్నే తిట్టింది. "ఏంటలా చూస్తావు? తిను. చల్లారిపోతోంది. వేడిగా తినడం కూడా నేర్పాలా నీకు?"

తిన్నాను. ఆమె చూస్తుండగా రెండు ముక్కలు తిన్నాను.

"తొమ్మిదో తారీఖున నాసోస్ పేర చర్చికి తీసుకెళ్ళే గోధుమల పళ్ళెం నువ్వే మొయ్యాలి ఎప్పట్లాగే. ఈసారి నా పక్కనే నడువు, వెనక కాదు" అంది.

అక్టోబర్ 31

రొట్టె ఇంకా ఉంది. మేకలకు వేయలేను. తినలేను.

నవంబర్ 2

విగ్రహం దగ్గరికి వెళ్ళాను. ఎవరో ముఖం మీద ఉమ్మారు. ఎవరో కాదు, నాకు తెలుసు. చేతిరుమాలుతో తుడిచాను. బతికుండగా ఆయన తుడుచుకోలేదు.

నవంబర్ 5

చెప్పారు.

నాకు చెప్పారు. సార్జెంటు నా భుజం పట్టుకుని చెప్పాడు. "గంటలు గట్టిగా మోగాలి. ఏటి దగ్గర కుర్రాళ్ళు వాటికోసం చెవులు పెట్టుకుని ఉంటారు." నేను తలూపాను. నాసోస్ కూడా అక్కడే ఉన్నాడు. "ఒరే కిట్సో, నీ పొట్టేలు గంట నాకు తెలుసు, అది వింటేనే దిగుతా" అన్నాడు. నవ్వాడు.

అందుకే గంటలు మళ్ళీ కట్టడానికి సంచిలో వేసుకున్నాను. అమ్మ గుడారం లోయ మొదట్లోనే ఉంది. కొడుకు పోయి మూడు రోజులు కాలేదు, మంద మోగితే ఆమె వింటుంది. గుడారం దాటి, మలుపు తిరిగాక కడదామనుకున్నాను. తప్పేముంది అనుకున్నాను.

మలుపు తిరిగాను. మంచు. పైన, చాలా దగ్గరగా, ఎవరో దగ్గారు. ఇటలీవాడు. పరాయి మాట ఒకటి వినిపించింది. సంచిలో చెయ్యి పెట్టాను. పెద్ద గంట దొరికింది. దాని లోపలి నాలుక పట్టుకుని బయటికి తీశాను, మోగకుండా. మంద మోగుతూ పోతే వాడికి అనుమానం రాదని నాకు తెలుసు. చీకట్లో నిలబడి ఒక్కొక్కటీ కడుతున్నప్పుడు వచ్చే చప్పుడుకి భయపడ్డాను. మొదటి గంటకే కాలుస్తాడనిపించింది. మళ్ళీ సంచిలో పెట్టేశాను. ఇంకాసేపటికి కడదాం అనుకున్నాను. ఇంకాసేపటికి. ఆ లోయంతా అలాగే నడిచాను. ముప్పై ఏడు గంటలు వీపు మీద మోసుకుంటూ.

జనరల్ గారికి తెలిసింది అన్న పోయిన దుఃఖం అనే. భయం అని చెప్పలేదు. ఆయన నా దుఃఖాన్ని తన మీద వేసుకున్నారు. భయం అని తెలిసి ఉంటే ఏం చేసేవారో.

యాభై ఏళ్ళలో ఇది ఎక్కడా అనలేదు. నాలో నేను కూడా అనలేదు.

నవంబర్ 8

పొలిక్సెనీ,

ఇప్పటివరకూ ఈ పుస్తకం ఎవరికోసమో తెలియకుండా రాశాను. నీకోసమే అని ఈ పొద్దున అర్థమైంది. మొదటి పేజీలో చేతిరాతకు క్షమించమన్నది నిన్నే అయి ఉంటుంది. బడిలో నా రాత చూసి నవ్వింది నువ్వే కదా. నవంబర్ ఐదు దగ్గర జాగ్రత్తగా చదువు. అక్షరాలు సరిగా పడలేదు.

ఆ మనిషిని ఇంక తిట్టకు. తిట్టేవి ఏమైనా ఉంటే మన రెండిళ్ళ మధ్య గోడే అడ్డం, నాకు వినిపిస్తాయి. ఆయన కూతురికి కూడా చెప్పాలి. ఆ గంటలు ఏవో తెలియక ఇంకా మెనెలావోస్ ఇంట్లోనే ఉంది. నల్లబల్ల మీద ఆ బొమ్మ చెరపమని ఎవరికి రాయాలో ఆమెకు తెలుస్తుంది. ముందు నీకు తెలియాలని ఆగాను.

నిన్ను అడగాలనుకున్న మాట ఒకటుండేది, యుద్ధం ముందు. అడగకపోవడానికి కారణం కూడా ఈ పుస్తకంలోనే ఉంది. ఇప్పుడు అది కాదు అడిగేది.

పుస్తకంతో పాటు సంచి పెడుతున్నాను, నీ గడప పక్కన. అందులో ఉన్నది పొట్టేలు గంట. నాసోస్ ఎరిగిన గంట. నాలుకకు చుట్టిన ఉన్ని ఈ రోజే విప్పాను.

రేపు తొమ్మిది. ఇప్పుడు నువ్వు గోధుమలు నానబెడుతుంటావు. రేపు పళ్ళెం మొయ్యడానికి నేను రావాలా వద్దా? రావాలంటే ఆ గంట నీ గేటుకు తగిలించు, మేకలు తోలుతూ చూస్తాను. వద్దంటే ఏట్లో పడెయ్యి, అదీ న్యాయమే. నేను వెనక కూడా నడవను.

ఏదో ఒకటి చెప్పు. పొద్దు పొడవకముందే చెప్పు పొలిక్సెనీ. ఎదురు చూస్తూ ఉంటాను.

కిట్సోస్